వేడి ఇంజన్ మీద ఆడిన బేరం

కోలారు బజారులో ధాన్యం కొట్ల మధ్య పుట్టి పెరిగి, నా అంత తెలివిగా బేరమాడి, నా అంత ఘనంగా మోసపోయినవాడు ఇంకొకడుంటే చూపించమని ఇప్పటికీ పందెం కాస్తాను. మొన్న వేమగల్ రోడ్డు పక్కన అమ్మకానికి నిలబెట్టిన పాత ట్రాక్టర్లను చూడగానే నా చెయ్యి దానంతటదే ఒక ఇంజన్ మీదికి పోయింది. చల్లగా ఉంది. ట్రాక్టరు కొనేవాడు మొదట వెతకవలసింది ఆ చల్లదనాన్నేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

చాలా ఏళ్ళ కిందటి మాట. సుగటూరులో మా చిన్నమామ ట్రాక్టరే మేలన్న నా మాట నమ్మి ఎద్దుల జతను అమ్మేసి, రాగులు విత్తేలోగా ఒక పాత ట్రాక్టరు చూసిపెట్టమన్నాడు. చాంపియన్ రీఫ్స్ బంగారు గనుల అవతల ఒక రైతు దగ్గర ఉందంటే మా నాయనా నేనూ పోయాం. మేం చేరేసరికి రాహుకాలం పట్టింది. అది దాటేదాకా సరుకు ముట్టకూడదని మా కొట్టు కట్టుబాటు కనుక, అరుగు మీద కూర్చుని కాఫీ తాగాం. ఇంటి వెనక నలుగురు దేన్నో తోస్తున్న కేకలు, పెద్ద దగ్గు వినిపించాయి. నేను మాత్రం ఎంత తగ్గించి అడగాలా అన్న ఆలోచనలో ఉన్నాను. రాహుకాలం దాటగానే ట్రాక్టరు గుర్రుమంటూ మా ముందుకొచ్చి నిలబడింది.

స్టీరింగ్ ఎంత ఆడుతుందో చూశాను, క్లచ్ తొక్కాను, వెనక లిఫ్టు మీద నలుగురిని నిలబెట్టి దిగజారుతుందేమో కనిపెట్టాను. రేడియేటర్ మూత తీయబోతే, కాలుతుందప్పా అని రైతు వారించాడు. టైర్ల అరుగుదల చూపించి బాగా తగ్గించి కొని, బజారంతా చెప్పుకున్నాను.

మంచి వాన పడిన మర్నాటి ఉదయం అది తెల్లటి పొగ వదిలిందే తప్ప స్టార్ట్ కాలేదు. చేలో తేమ ఆరిపోతూ ఉంది. మామ నన్ను తిట్టలేదు.

“బేరం బాగానే చేసినావప్పా. ఇంగ ఎద్దుల్ని యాడ తెచ్చేది?” అన్నాడు.

మెకానిక్కు మా కొట్టు గోనెసంచుల మీద ఇంజన్ను విప్పి పరిచాడు. పిస్టన్ రింగులు, స్లీవులు అరిగిపోయాయి. వేడి మీద సర్దుకుపోతుంది గానీ చల్లబడితే బిగువు నిలవదన్నాడు. ఆ రోజు ఇంటి వెనక వినిపించిన కేకలూ దగ్గూ దీనివేనని, తోసి స్టార్ట్ చేసి వేడెక్కించాకే మా ముందుకు తెచ్చారని అప్పుడు వెలిగింది. కంటికి ఆనని ఆ అరుగుదల అంత ఇనుమును కూలేసిందా అని విస్తుపోయాను. అంతకన్నా విస్తుపోయింది, కొత్తవి వేసి అన్నీ బిగించాక మంచు తడి ఆరని బానెట్ కింద ఒక్క తిప్పుకే అది అందుకున్నప్పుడు. కాళ్ళ కింద నేల అదిరింది. ఎర్రమట్టి అలలు అలలుగా తిరగబడుతుంటే ఊరివాళ్ళు గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డారు. మామ చెప్పులు విడిచి సాలులో దిగాడు. అప్పటికి సగం చేనులోనే తేమ మిగిలింది.

ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి బేరం ముగిస్తున్నారు. ఇనుము ముందు అలా నోరు తెరుచుకుని నిలబడేవాళ్ళు నాకెక్కడా కనబడరు.

లెక్కంటారా, టైర్ల మీద తగ్గించింది ఒక పక్క. రింగులు, స్లీవులు, కూలి, మెకానిక్కు భోజనాలు, మొలవని సగం చేను రాగులు ఇంకో పక్క. తగ్గించినదానికి మూడింతలు పోయింది. మామ అమ్మేసిన ఎద్దులను నేను అందులో కలపలేదు, వాటికి వెల కట్టడం నాకు చేతకాలేదు.