జడ చుట్టిన చెరకులో పడ్డ డ్రోను

చెరకుతోటకి ఒకసారి జడ చుట్టేశాక మనిషి లోపలికి వెళ్ళడం కష్టం. గాలికి చెరకు పడిపోకుండా దాని ఆకుల్నే తాడులా పేని, ఈ సాలులో గెడల్ని పక్క సాలు గెడలతో కలిపి కట్టేస్తారు. దాన్నే మా వైపు జడ చుట్టడం అంటాం. కట్టిన తర్వాత సాళ్ళ మధ్య పొడుగ్గా ఒక సందు మిగులుతుంది. అందులో వంగుకుని ముందుకి వెళ్ళొచ్చు, వెనక్కి రావొచ్చు. పక్క సాలులోకి మాత్రం దాటలేం. పైన ఆకాశం కూడా సరిగ్గా కనబడదు.

మనిషి దూరలేని అలాంటి తోటల మీద మందు కొట్టడానికే మా మహిళా సంఘానికి డ్రోను ఇచ్చారు. నడపడానికి పది పాసైనవాళ్ళు కావాలన్నారు. మా తోడికోడలు పాసైంది, ట్రైనింగుకి వెళ్ళి వచ్చింది. నేను అయిదు వరకే చదివాను. అందుకని ఆమె నడిపేది. నేను మందు కలిపి టాంకు నింపేదాన్ని, బ్యాటరీలు మార్చేదాన్ని. ఇలా కూర్చుని రాయడం కూడా నాకు కొత్తే. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సరిచేసుకుని చదవండి.

మాది అనకాపల్లి పక్కనే ఉన్న ఊరు. పెళ్ళయ్యాక నేను ఇల్లు దాటిందంటే రేషనుకి, ఆస్పత్రికి, చుట్టాలింట్లో పెళ్ళికో చావుకో. డ్రోను వచ్చాక పొద్దున్నే ట్రాలీ ఆటో వెనక ఎక్కి, డ్రోను పెట్టెని పట్టుకుని, కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చునేదాన్ని. ఊరు వెనక్కి పోయేది. పొలానికి చేరేదాకా నన్ను ఎవరూ మంచినీళ్ళు అడిగేవారు కాదు, తువ్వాలు అడిగేవారు కాదు. ఇలా చెబితే నవ్వుతారేమో గానీ, ఆ కాసేపూ నాకు నా చేతులు నావే అనిపించేవి.

మా అత్త మాతోనే ఉంటుంది. ఆమెకి చూపు తగ్గింది, పొయ్యి ముట్టించలేదు. తోడికోడలిది వేరు కాపురం, కాబట్టి ఆమెకి ఆ బాధ లేదు. నన్ను పంపేటప్పుడు అత్త ఒకటే మాట చెప్పింది.

"పొద్దు నెత్తిమీదకొచ్చీసరికి నువ్వు పొయ్యికాడుండాల. అలగైతేనే ఎల్లు."

అక్కడే చిక్కు వచ్చింది. డ్రోనుకి ఒక జత బ్యాటరీలు పెడితే టాంకులో మందు అయ్యేసరికి అవీ అయిపోయేవి. గట్టు మీద జనరేటరు పెట్టి మళ్ళీ ఎక్కించాలి. ఉన్న జతలన్నీ వాడేశాక, అవి ఎక్కేవరకూ మేం చెరకు నీడన కూర్చుని ఎదురు చూడాలి. నీడ కురచవుతున్నకొద్దీ నేను ఇంటి దారి వైపే చూసేదాన్ని. ఒకసారి ఆలస్యమైంది. మళ్ళీ ఇంకోసారి అయింది. ఆ రెండోసారి అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏటే, ఊరేగొచ్చేవా?"

"బేటరీలు ఎక్కలేదత్తా."

"నీ బేటరీలు ఎక్కీదాకా నా కడుపు ఆగాలేటి? ఇంకొక్కపాలి పొద్దెక్కేక వచ్చేవంటే మరి గుమ్మం దిగక్కర్లేదు. సెప్పీసేను."

మా ఆయన కంపెనీలో షిఫ్టు దిగి వచ్చాక ఆయనతో చెప్పుకున్నాను. చొక్కా విప్పుతూ, "అమ్మ సెప్పీసింది గదా. మళ్ళీ నన్నడుగుతావేటి?" అన్నాడు. అంతే.

మా మరిదికి, అంటే తోడికోడలి భర్తకి, అనకాపల్లిలో ఇన్వర్టరు బ్యాటరీల షాపుంది. నా మొహం చూసి సంగతేమిటని అడిగాడు. విని, "ఓస్, ఇంతేనా వదినా? ఇంకో జత కట్టీత్తే సరి. మార్సీ పనే ఉండదు" అన్నాడు.

తోడికోడలు ఒప్పుకోలేదు. "ట్రైనింగులో ఒద్దన్నారు బావా. బరువెక్కువైతే లెగదంట."

"మీ ట్రైనింగు సారు ఎప్పుడైనా ఇన్వర్టరు బేటరీ మోసేడేటి? నాను రోజూ మోత్తన్నాను."

"నువ్వు మోత్తావు. డ్రోనుకింకా పెళ్ళవలేదు, ఏటెట్టినా నోరు మూసుకుని మొయ్యడానికి."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నేను మరిదితో, "కట్టీ బాబూ" అన్నాను.

మర్నాడు బెల్లం వండే గానుగపాక ముందున్న కళ్ళంలో కట్టాడు. రెండు జతల్నీ కలపడానికి ఒక వైరు తయారుచేసుకొచ్చాడు. కొత్త జతలో బ్యాటరీలని డ్రోనుకి చెరోపక్కా పెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించాడు. అరచేతుల మీద ఎత్తి అటూ ఇటూ ఊపి చూశాడు.

"కావిడి లాటిదే వదినా. రెండేపులా సమానంగుంటే మోసీవోడికి బరువు తెలీదు."

కావిడి మోసిన మా మావయ్య బతికుంటే ఈ మాట ఒప్పుకునేవాడో లేదో నాకు తెలీదు. అప్పుడు మాత్రం నిజమే అనిపించింది. టాంకు ఖాళీగానే ఎగరేశారు. లేచింది. పాక మీంచి, కొబ్బరిచెట్ల మీంచి తిరుగుతూనే ఉంది. ఇదివరకు దిగిపోయే వేళ దాటినా దిగలేదు. గానుగ దగ్గరున్నవాళ్ళు పని మానేసి మెడలెత్తి చూశారు. నాకు ఆ డ్రోను కాదు, వేళకి నేను అత్త కంచంలో అన్నం వడ్డిస్తున్నట్టు కనబడింది.

ఆ నమ్మకంతోనే చీడికాడ వైపు ఒక పెద్ద తోట ఒప్పుకున్నాం. రైతు మాకు దూరపు చుట్టం, నాకు మామ వరస. మరిది కూడా షాపు మూసి మాతో వచ్చాడు. మందు కలిపి టాంకు నిండా పోశాను. తోడికోడలు రిమోటు తిప్పింది. రెక్కలు గిర్రున తిరిగి దుమ్ము లేపాయి. డ్రోను మాత్రం కాస్త కుప్పించి మళ్ళీ కూలబడింది.

మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఏటి, నెలలు నిండినాయేటి మీ డ్రోనుకి?"

మందు సగం తీసేశాను. లేవలేదు. ఇంకా తీసేశాను. టాంకు అడుగున కాస్త మిగిలాక లేచింది. నాలుగు సాళ్ళు తడిపేసరికి మందు అయిపోయింది. బ్యాటరీ ఇంకా బోలెడుంది, కొట్టడానికి మందే లేదు. కిందకి దింపడం, కాస్త పోయడం, మళ్ళీ ఎగరేయడం. ఇదివరకటి కంటే పని నెమ్మదైపోయింది.

"మందు ఎగరేత్తన్నారా, బేటరీలు ఎగరేత్తన్నారా?" అన్నాడు మామ.

అప్పటికి నాకు అర్థమైంది. కట్టిన బ్యాటరీల బలమంతా ఆ బ్యాటరీల్ని మొయ్యడానికే పోతోంది. తీసేద్దాం అంది తోడికోడలు. ట్యూబులు విప్పి, వైర్లు మార్చి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఎంతసేపు పడుతుందో! నీడ అప్పటికే నా కాళ్ళ దగ్గరకి వచ్చేస్తోంది. "ఉన్నదాంతోనే కానిచ్చీ అమ్మీ" అన్నాను.

కాసేపటికి పెట్టిన జతలు రెండూ అయిపోయాయి. మిగిలిన వాటిలో ఒక జత నిండుగా ఉంది, రెండోది జనరేటరు మీద ఇంకా సగమే ఎక్కింది.

"పర్లేదు, కలిపీ" అన్నాడు మరిది.

"ఒకటి నిండా, ఒకటి సగమా?" అంది తోడికోడలు.

"రెండు మళ్ళ మద్దిన గట్టు తెగ్గొడితే నీళ్ళు సమానమైపోవేటి? ఇదీ అంతే."

కలిపేటప్పుడు వైరు దగ్గర చిటుక్కుమని మెరిసింది. వేలు వెనక్కి లాక్కున్నాను. డ్రోను లేచింది, తోట మధ్యకి వెళ్ళింది. అక్కడ కీచుమని అరవడం మొదలుపెట్టింది. తోడికోడలు వెనక్కి తిప్పుతుండగానే ఒక పక్కకి వాలిపోయి, చెరకు మీద పడి కనబడకుండా పోయింది.

మరిది ఒంటికి ఆ సందు చాలదు. రెక్కలు మళ్ళీ తిరక్కుండా తోడికోడలు రిమోటు వదలకూడదు. మామకి మోకాళ్ళు వంగవు. నేను చెరకులో పుట్టి పెరిగినదాన్ని. మామ దగ్గర కొడవలి తీసుకుని, కొంగు మొహానికి చుట్టుకుని దూరాను.

లోపల గాలి లేదు. ఎండు ఆకులు కాళ్ళ కింద కరకరమంటున్నాయి. వాటి కింద మొన్న పెట్టిన నీటికి నేల ఇంకా బురదగానే ఉంది. రెండు పక్కలా జడలు గోడలా ఉన్నాయి. ఆకు అంచులు చేతుల్నీ చెవుల్నీ కోస్తున్నాయి. డ్రోను అరుపు ఎడమ పక్క నుంచి వినబడుతుంటే అటు తిరగడానికి లేదు. వెనక్కి గట్టు దాకా వచ్చి, పక్క సందులో దూరి మళ్ళీ వెళ్ళాను. అదీ కాదు. ఇంకో సందు. ఆఖరికి తలెత్తితే పైనే కనబడింది. జడలే దాన్ని కింద పడకుండా పట్టుకున్నాయి.

గోళ్ళ రంగు సీసా మూత తీస్తే వచ్చే వాసన గుప్పుమంది. పక్కకి కట్టిన బ్యాటరీ ఒకటి పూరీలా పొంగి ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. పైనంతా ఎండు జడలు, కిందంతా ఎండు ఆకులు. అది అంటుకుంటే తోటంతా అంటుకుంటుంది. అందులో నేనూ ఉంటాను. కొడవలి మొనతో ట్యూబు కోశాను, వైరు ఊడబెరికాను. కొంగు నాలుగు మడతలేసి బ్యాటరీని పట్టుకుని దింపాను. కాలితో ఆకులు పక్కకి నెట్టి, కొడవలితో బురద తవ్వి అందులో కప్పెట్టాను. బురద బుసబుసమంది. సన్నగా పొగొచ్చింది.

"అప్పా! దొరికిందా?" నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచే తోడికోడలి గొంతు దూరం నుంచి వచ్చింది.

"దొరికింది! బేటరీ పొంగిపోనాది! పొగొత్తంది!"

"వదినా, అదొగ్గీసి బేగొచ్చీ!" మరిది కేక.

"ఒగ్గీత్తే నా తోటేటైపోద్దిరా?" మామ కేక.

"తోట మళ్ళీ ఏసుకోవచ్చు మామా! మా వదిన్ని మళ్ళీ ఏత్తావేటి?"

వాళ్ళు అలా తగువాడుకుంటూనే ఉన్నారు. నేను చేతులతో బురద తీసి కప్పుతూనే ఉన్నాను. పొగ ఆగేది, మళ్ళీ వచ్చేది. కాసేపటికి తోడికోడలు మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు మెల్లగా ఉంది.

"అప్పా, పొద్దు నెత్తిమీదకొచ్చీసింది. ఇంటికాడ అత్త..."

నాకు తెలుసు. జడల సందుల్లోంచి ఎండ తిన్నగా నా చేతుల మీదే పడుతోంది. అప్పుడు లేచి ఆటో దగ్గరకి పరిగెత్తినా కాస్త ఆలస్యంతో సరిపోయేది. అత్త కాళ్ళు పట్టుకుంటే సరిపోయేదేమో. కానీ నేను లేచిపోయాక పొగ మంటైతే? లేవలేదు. ఆ సందులో నిటారుగా నిలబడడానికీ లేదు, కాళ్ళు చాపుకుని కూర్చోడానికీ లేదు. మోకాళ్ళ మీద ఉండి, బురద మీద అరచెయ్యి పెట్టి, చల్లబడిందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. ఏడుపు వచ్చింది. చెమటలో కలిసిపోయింది. చూడ్డానికి ఎవరూ లేరు కదా అని తుడుచుకోలేదు కూడా.

అది పూర్తిగా చల్లబడ్డాకే బయటికి వచ్చాను. తర్వాత మామ కొన్ని గెడలు నరికించి డ్రోనుని దింపించాడు. రెక్కలు రెండు విరిగాయి, మిగతాదంతా బాగానే ఉంది. తోటకి ఏమీ కాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్త గుమ్మంలో లేదు. లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. నేను చెప్పబోయాను. అత్త చెయ్యి చాపి నా ముంజేతిని తడిమి, గీరుకుపోయిన చోట ఆగింది.

"ఆకు కోసీసిందా?"

"ఊఁ."

"కొబ్బరినూని రాసుకో. రాసుకుని అన్నం ఎట్టు."

తిట్టలేదు. తిట్టకపోతే మన్నించేసిందేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఆటో హారను కొడితే, నేను చెప్పులు వేసుకునేలోపే అత్త వీధిలోకి కేకేసింది. "అదింక రాదమ్మీ! మీరెల్లండి!" మా ఆయన మేలుకునే ఉన్నాడు. దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. తోడికోడలు కాసేపు ఆటో ఆపించింది. తర్వాత ఆటో వెళ్ళిపోయింది.

ఇప్పుడు డ్రోనుకి అదనంగా ఏమీ కట్టడం లేదు. కట్టే బదులు, ఇంకొన్ని జతలు తెచ్చి ఇంటి దగ్గరే ముందుగా చార్జింగు పెట్టుకుని పొలానికి పట్టుకెళ్ళాలని సంఘంలో అనుకున్నారు. జనరేటరు కోసం ఆగక్కర్లేదు. చార్జింగులో ఉన్న బ్యాటరీని ఒంటరిగా వదలకూడదని కూడా గట్టిగా అనుకున్నారు, చెరకులో అంత జరిగాక. మరి ఎవరింట్లో పెట్టాలి? ఎప్పుడూ మనిషుండే ఇల్లు కావాలి. అందరూ నావైపు చూశారు.

మా వంటింటి మూల చార్జరు పెట్టారు. మధ్యాహ్నం అంట్లు తోముకుని దాని పక్కన కూర్చుంటాను. ఒకటి ఎక్కాక తీసి ఇంకోటి పెడతాను. వేడెక్కుతున్నాయేమో అని చేత్తో చూస్తుంటాను. పొద్దున్న తోడికోడలు వచ్చి పెట్టెలో సర్దుకుని తీసుకుపోతుంది. నా పనికి ఇప్పుడు వేరే ఊరావిడ వెళ్తోంది.

ఇలా మార్చాక వాళ్ళు పొద్దు నెత్తిమీదకి రాకముందే పని ముగించుకుని వచ్చేస్తున్నారు. నేను వెళ్ళినా వేళకి పొయ్యి దగ్గర ఉండేదాన్ని. ఈ మాట ఎలా అడగాలో తెలీక చాలా రోజులు లోపలే పెట్టుకున్నాను. మొన్న అత్త భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే అడిగేశాను.

"అత్తా, ఆల్లిప్పుడు బేగొచ్చేత్తన్నారు. నానూ ఎల్తాను. నీకు అన్నం యేళకే పెడతాను."

అత్త చేతులు కొంగుతో తుడుచుకుంది. చార్జరు లైటు వైపు కళ్ళు చికిలించి చూసింది. పొద్దున్న పనికెళ్ళి వచ్చి మధ్యాహ్నం కూర్చుంటానని చెబుదామనుకున్నాను. నోరు తెరిచేలోపే అంది.

"పొలమెల్లొచ్చి అలిసిపోయి కునుకేత్తావు. మరి ఈటికి కాపలా ఎవులు కూకుంటారే? నాకు కనబడి సత్తేనా?"

కునుకు వెయ్యను అన్నాను. అత్త వినిపించుకోనట్టు మంచం వైపు వెళ్ళిపోయింది.