“ఇద్దరం చేశాం”

నరిన్ పట్టణంలోని చేతిపనుల బడికి తివాచీల కోత నేర్పే మనిషి కావాలన్నారు. చదువు అక్కర్లేదు, సొంతంగా కోసిన ఇరవై తివాచీల ఫోటోలతో ఆల్బం తెస్తే చాలట. ఆ కబురు జిపారా చెవిన పడింది. పందొమ్మిదేళ్ళుగా కత్తి పట్టిన చెయ్యి ఆమెది. మొగుడు గుర్రం మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. నెల తిరిగేసరికి జీతం రావడమన్నది ఆ ఇల్లు ఎరగదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆమె చేసినవేవీ ఆమె దగ్గర లేవు. రెండు రంగుల ఉన్ని పొరలు ఒకదానిమీద ఒకటి పరిచి ఒకే కత్తితో కోస్తారు కాబట్టి అక్కడ తివాచీలెప్పుడూ కవలలే. కోసిన పువ్వుల్ని అటూ ఇటూ మార్చి పొదుగుతారు: ఎరుపులో నలుపు పువ్వు ఒకటైతే, నలుపులో ఎరుపు పువ్వు రెండోది. కోసేది జిపారా, అంచులు కుట్టేది తోటికోడలు కుముషాయ్. చెరొకటి తీసుకునేవారు. జిపారా తనవి ఊళ్ళో ప్రతి పెళ్ళికీ పంచిపెట్టేసింది. కుముషాయ్ తనవి పెట్టెలో దాచుకుంది.

అందుకే పంచినవాటి ఫోటోల కోసం జిపారా తోటికోడల్ని వెంటబెట్టుకుని నెలరోజులు ఇల్లిల్లూ తిరిగింది. “ఫోటో నేను తీస్తా, నువ్వు తివాచీ పరువక్కా,” అంటూ కుముషాయే ఫోను అందుకునేది. ఎవరైనా పనితనం మెచ్చుకుంటే మాత్రం జిపారా ఎప్పటిలాగే, “ఇద్దరం చేశాం,” అనేది. పని నాదని చెప్పుకునే ఆడదాన్ని గప్పాలకోరంటారు అక్కడ. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

బడి పెద్దావిడ జిపారా తెచ్చిన ఆల్బం నాలుగు పేజీలు తిప్పి కళ్ళజోడు తీసింది.

“ఇవి మొన్ననే చూశామమ్మా. రంగులే తిరగబడ్డాయి.”

ఆవిడ ముందుకు తోసిన ఇంకో ఆల్బం మొదటి పేజీలో కుముషాయ్ నవ్వుతోంది.

జిపారా ఆ ఆల్బం తనవైపు లాక్కుంది. “అది అంచులు కుట్టిందండీ. కోత నాది. కావాలంటే ఎవర్నైనా అడగండి.”

ఆవిడ నిజంగానే అడిగింది. జిపారా ఇచ్చిన నంబరుకే, ఊళ్ళో ఆమె తివాచీ అందుకున్న ముసలి బురుల్చాకు ఫోను కలిపింది. “మా కోడలి పెళ్ళి తివాచీయా? ఇద్దరూ చేశారమ్మా. జిపారాయే తన నోటితో చెప్పింది,” అంది ముసలామె, మేలు చేస్తున్నాననుకుని.

“ఉన్ని, కత్తి ఇప్పించండి. మీ కళ్ళముందే కోస్తాను,” అంది జిపారా.

“నిన్ననే సంతకాలైపోయాయి తల్లీ. ఆమె ముందొచ్చింది.”

తిరిగొచ్చే వ్యానులో జిపారా ఏడవలేదు. పరాయిది చేసుంటే తిట్టుకుని ఊరుకునేది. ఇది పక్కన నడిచి, అక్కా అక్కా అని నమ్మించి గొంతు కోసింది.

ఆదివారం కుముషాయ్ వచ్చింది, ఒక చేతిలో మిఠాయి పొట్లం, చంకలో రెండు ఉన్ని పొరలు.

“కోపంగా ఉన్నావని తెలుసక్కా. నాకూ పిల్లలున్నారుగా. ఉద్యోగం ఎవరికొస్తేనేం, ఇంట్లోకే వచ్చింది.”

“ఏ ఇంట్లోకే?” అన్నాడు మంచం మీంచి జిపారా మొగుడు.

కుముషాయ్ విననట్టే పొరలు పరిచింది. “రేపు మొదటి క్లాసు. నాకు గీత కుదరట్లేదు. ఈ ఒక్కసారికి కోసిపెట్టక్కా. నేను ఎత్తుకెళ్ళి చూపించుకుంటా.”

జిపారా లేచింది. గిన్నె తీసి టీ పోసింది. అయినవాళ్ళకు అక్కడ సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోస్తూ కూర్చోబెట్టుకోవడానికి. జిపారా అంచుదాకా పోసి, పొర్లుతుంటే అలాగే ముందు పెట్టింది.

కుముషాయ్ ఆ గిన్నె ముట్టుకోలేదు. “నన్ను లేచి వెళ్ళమంటున్నావా అక్కా?”

“తాగి వెళ్ళు,” అంది జిపారా. “ఆ ఉన్ని కూడా తీసుకెళ్ళు. నీ పని నువ్వే కోసుకో.”