అమ్మ దగ్గుకు అందరి దగ్గరా కారణాలే

ఇది మహాకావ్యం. ఊపిరి కోసం ఒక తల్లి చేసిన యుద్ధం, రెండుగా చీలిన కుటుంబం, సత్యాన్వేషణలో నిద్రాహారాలు మానేసిన కొడుకు. ఇంతవరకు రాసి ఆగాను. కొడుకు తిండి మానలేదు. యుద్ధమూ కాదు, మా అమ్మకు దగ్గు.

మామూలు దగ్గు కాదన్నది మాత్రం నిజం. పోయిన వేసవిలో వంటింట్లోంచి వాకిట్లోకి రావడానికి గోడ పట్టుకునేది. మాట మధ్యలో ఊపిరి అందక, మిగతా సగం చేత్తో చెప్పేది. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. గుంటూరులో ఫార్మసీ చదువుతున్నాను కాబట్టి, కారణం కనిపెట్టే పని నాకు నేనే అప్పగించుకున్నాను.

కారణాలకు మా ఇంట్లో కరువు లేదు. నాన్న ఫ్రిజ్ నీళ్లన్నాడు. పిన్ని వంకాయ అంది. ఆవిడ లెక్కలో మోకాళ్ల నొప్పి నుంచి విడాకుల దాకా అన్నిటికీ వంకాయే. నాయనమ్మ దిష్టి అంది, ఎవరిదో కూడా చెప్పింది.

నేను మా ముందుగది వైపు వేలు చూపించాను. రేటు పెరిగేదాకా సరుకు అమ్మేది లేదని నాన్న అక్కడ మిరపకాయల బస్తాలు అటకదాకా పేర్చాడు. వాటి పక్కనే అమ్మ మంచం. వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్మేవాళ్లు. పాపం జలుబు చేసిందనుకునేవాళ్లం.

"మిరపకాయలేం చేస్తాయిరా? మనం ఆ ఘాటులోనే పుట్టాం," అన్నాడు నాన్న.

ఈలోపు నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. బస్తాల మధ్య బతికే మా ముక్కులకు ఆ ఘాటు వేరే తెలిస్తేగా! రుజువైపోయింది. ఆ పొగకు అమ్మ ఇంకా దగ్గింది కాబట్టి మర్నాడు మళ్లీ తీసింది.

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు గారు ఇంట్లో ఏదైనా ఘాటు ఉంటుందా అని అడిగారు. అలాంటివేమీ లేవండి అన్నాడు నాన్న, నిజాయితీగా.

ఇంటికొచ్చాక అమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది. "వాటిని పంపిస్తారో, నన్ను పంపిస్తారో తేల్చండి," అంది. ఆ చిన్న మాటకు రెండుసార్లు ఆగింది. నాకు జోకు తట్టలేదు.

నాన్న మర్నాడే సరుకు మిర్చి యార్డుకి తోలేశాడు. అదే వారం వంకాయ మానిపించారు, ఫ్రిజ్ నీళ్లు ఆపారు, డాక్టరు గారిచ్చిన ఇన్‌హేలరూ మొదలైంది. దగ్గు తగ్గింది. అందరూ గెలిచారు. నాకే మనసు కుదురుగా లేదు: దేనివల్ల తగ్గింది? తేల్చాలంటే ఒక్కొక్కటే వెనక్కి తేవాలి. బస్తాలతో మొదలుపెడదామా అని అమ్మనడిగాను.

"ముందు నీ మంచం వేసుకోరా అక్కడ," అంది.

నా పరిశోధన అక్కడితో ముగిసింది. ఈ ఏడాది కోతల ముందే నాన్న బస్తాలకని దొడ్లో రేకుల షెడ్డు వేయించాడు. ఎలుకల బెడద అట. దగ్గు ఊసెత్తలేదు. షెడ్డు ఒక మూల కారుతోంది. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.