చెయ్యి తడిసింది

మేముండే లైన్ల ఇళ్లను, అంటే గని నడిచిన కాలంలో కూలీలకు వరసగా కట్టిన ఇళ్లను, ఖాళీ చేయించాలని ఒక కాంట్రాక్టరు ఏడాదిగా తిరుగుతున్నాడు. మా నాయకుడు నిన్న రాత్రి అతని ఇంట్లో భోంచేసిన ఫొటో ఈ పొద్దున మారికుప్పం రైల్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది.

అమ్మ నా ఫోన్లో అది చూసి, "ఆయప్ప చెయ్యి తడిసింది. ఇంగ మనకేం చేస్తాడు?" అంది.

ఎదుటి సీట్లోని ఆ నాయకుడి పార్టీ కార్యకర్త గయ్యిమన్నాడు. "లంచం తిన్నాడంటావా అమ్మా? నువ్వు చూసినావా?"

"నేను చెప్పింది అన్నం సంగతప్పా. మా లైన్లలో పెళ్లి చూపులకు పోతే కాఫీ తాగి లేస్తాము. సంబంధం కుదిరినాకే ఆ ఇంట్లో అన్నానికి చెయ్యి తడుపుతాము. లంచం మాట ఎత్తింది నువ్వే గదా!"

పెట్టె అంతా నవ్వింది. అతను లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆదివారం ఆ నాయకుడు మా లైన్లో ఇంటింటికీ వచ్చి, ఎవరో ఒకరింట్లో భోంచేస్తాడట. మీ ఇంటికొస్తే ఏం పెడతారో కింద రాయండి. మా ఇంట్లో మాత్రం కాఫీయే. విస్తరి వెయ్యం. ఆయన చెయ్యి ఇంకా ఆరలేదు.