జమీలాబీ చెప్పే రాజోలి

గద్వాలల గాజులమ్మే జమీలాబీకి ఒక్కటే జబ్బు. ఏది చూసినా "మా రాజోలిల గిట్ల చెయ్యరు" అంటది. పెండ్లై గద్వాలకొచ్చి యాభై ఏండ్లాయె, ఇంకా ఆమె కంటికి మేమంత పరాయి దేశపోళ్ళమే. బస్సెక్కితే జరసేపట్ల పోయే ఊరది. ఆమె చెప్తుంటే మాత్రం ఏడు సముద్రాల అవతల ఉన్నదేమో అనిపిస్తది.

మా పక్కింటి ఎస్తేరమ్మ బిడ్డ పెండ్లికి తెల్లచీర తెచ్చిన్రు. జమీలాబీ గాజులు తొడుగుకుంటనే గులిగింది. "పెండ్లిపిల్లకు తెల్లచీరేంది? మా రాజోలిల ఎర్రది కట్టకుంటే ఖాజీ నిఖా చదవడు."

ఎస్తేరమ్మకు మండింది. "మా చర్చిల ఎర్రది కడితే పాస్టరు లోపలికే రానియ్యడు, పో" అన్నది. వారం దినాలు ఇద్దరికి మాటల్లేవు.

మా ఇంట్ల ఎవరి పళ్ళెం వాళ్ళకు పెడితే గది కూడ తప్పే. "మా రాజోలిల నలుగురం ఒక్క పళ్ళెంల తింటం."

"ఎంగిలి కాదా అవ్వా?" అన్న.

"కలిసి తింటే ఎంగిలేంది పిల్లా? ఒక్కతే తింటే తిండేంది?" అన్నది.

మొన్న మాఘంల మా నర్సమ్మ చిన్నమ్మ బిడ్డ అమూల్య పెండ్లైంది. పిల్లకు పసుపు పెట్టే పొద్దు చిన్నమ్మ ఏడ కనవడలె. చిన్నాయన పోయి మూడేండ్లాయె. మొగడు పోయినామె ముందుకు రావద్దని మా పెద్దనాయన తిరుపతయ్య ఆమెను వంటింట్ల కూసవెట్టిండు. పీట మీద అమూల్య ఏడుపు ఆపుకుంటుంది. నాకు ఒళ్ళు మండింది గని, పెద్దనాయనకు ఎదురు చెప్పేటోళ్ళు మా ఇంట్ల ఇంకా పుట్టలె.

అమూల్యకు గాజులు తొడుగుతున్న జమీలాబీ తలెత్తింది. "పిల్ల తల్లి యాడికి పోయింది?"

ఎవరో మెల్లగ సంగతి చెప్పిన్రు. జమీలాబీ చేతిల గాజులు మల్ల డబ్బల పెట్టింది.

"ఇదేం పద్ధతి తిరుపతయ్యా? మా రాజోలిల ముందుగాల కన్నతల్లే పసుపు పెడతది. మొగడున్నడా లేడా అని ఎవ్వరు అడగరు. గద్వాలోళ్ళు తల్లిని దాచిపెట్టి పెండ్లి చేస్తరని మా ఊళ్ళె ఎట్ల చెప్పుకోవాలె నేను?"

వనపర్తి నుంచి వచ్చిన పిల్లగాని తరఫోళ్ళంత అక్కడనే కూసున్నరు. అందరు మా పెద్దనాయన దిక్కు చూసిన్రు. ఆయన మొఖం మాడిపోయింది.

"రాజోలోళ్ళకున్న ఇజ్జత్ మాకు లేదా?" అని మీసం సర్దుకున్నడు. "నర్సమ్మా, బయటికి రా. నీ బిడ్డకు నువ్వే పసుపు పెట్టు."

చిన్నమ్మ వంటింట్ల నుంచి వచ్చి బిడ్డ రెండు చెంపలకు పసుపు పూసింది. ఇద్దరు ఏడ్చిన్రు. నేను కూడ ఏడ్చిన.

అంత అయినంక జమీలాబీ గాజుల డబ్బ పట్టుకొని గల్లీ మలుపు దాక తోడు పోయిన. "మీ రాజోలి పద్ధతి మస్తు మంచిగున్నది అవ్వా" అన్న.

జమీలాబీ ఆగింది. ఎన్కకు మర్లి ఎవరన్న వింటున్నరేమో చూసింది.

"ఏం మంచిది బిడ్డా. నా పెండ్లప్పుడు మా అబ్బ లేడని మా అమ్మను పొయ్యి కాడనే కూసవెట్టిన్రు. నాకు పసుపు మా మేనత్త పెట్టింది. అమ్మ మొఖం కూడ చూడలె నేను."

"మరి గట్ల చెప్పినవేంది?"

"నా ఊరిని నేను మంచిగ చెప్పుకోకుంటే ఎవరు చెప్తరు?" కొంగుతోని కండ్లు తుడుసుకొని నా చేతిల నుంచి డబ్బ గుంజుకుంది. "గీ సంగతి మీ పెద్దనాయనకు చెప్తివా, నీ పెండ్లికి ఒక్క గాజు తొడగ."