పరీక్ష పెట్టని రాయి

నిన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి రుషికొండ బీచి నుంచి తెచ్చిన గవ్వల సంచీ పట్టుకుని వచ్చి, "మావయ్యా, ఈటిని కడిగీసి సేపల తొట్టిలో ఏసీమంటారా?" అని అడిగింది. కూర్చోమని, ఆరేళ్ల కిందటి డైరీ తీసి చదివి వినిపించాను. గవ్వల్లో ప్రాణం ఉన్నవి ఏరి సముద్రంలోనే వదిలెయ్యాలి. ఖాళీవి బ్రష్షుతో తోమి, మరిగించి, వారం పాటు రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. సబ్బు తగలకూడదు. గవ్వలదీ సున్నమే గనక ఒకటి రెండుకు మించి వెయ్యకూడదు. రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే పొంగిందంటే అందులో సున్నం ఉన్నట్టే. అది తొట్టెకు పనికిరాదు. అమ్మాయి ఫోనులో రాసుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. అందులో పద్నాలుగో నంబరు రాయి ఎదురుగా ఏమీ రాసి లేదు.

ఆ ఏడాది మా ఆవిడ అన్నయ్యకు గుండె ఆపరేషన్ అయింది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక, ఆమె పెంచిన నాలుగు గోల్డ్‌ఫిష్‌లే ఆయనకు కాలక్షేపం. ఆస్పత్రికి వెళ్తూ తొట్టెతో సహా మా ఇంట్లో దింపి, "నాను రాపోయినా పర్లేదు గానీ బావా, ఈటికేటీ అవకూడదు. మా ఇంటిది సేత్తో మేతేసిన సేపలివి" అన్నాడు.

ఉన్నవి ఉన్నట్టు తిరిగి అప్పజెబితే సరిపోయేది. ఆయన వచ్చేసరికి తొట్టె అందంగా ఉండాలనిపించింది నాకు. ఉదయపు నడకలో బీచిలో ఏరిన గవ్వలకు, రాళ్లకు డైరీలో నంబర్లిచ్చాను. ఇడ్లీ పాత్రలో గవ్వలు ఉడుకుతుంటే మా ఆవిడ, "ఈటికి సాంబారు కూడా పెట్టమంటారేటి?" అంది. పదమూడు రాళ్లకు పరీక్ష జరిగింది. పొంగిన నాలుగూ పారేశాను. పద్నాలుగోది బూడిద రంగులో, చిల్లులు చిల్లులుగా, చేప దూరే గుహలా ఉంది. చూడగానే గుర్తుపట్టాను. అది స్లాగ్, అంటే ఉక్కు కాచేటప్పుడు పైకి తేలే తెట్టు. ఏ రోడ్డు పనికి తోలిన లోడులోంచి జారిందో. ఉక్కునగరం క్వార్టర్లో ఉంటూ స్టీలు ప్లాంటులో చేసినన్నాళ్లూ దానితోనే నా పని. సొంతూరి మనిషి ఎదురైనట్టయింది. దానికి పరీక్షేమిటని, సుత్తితో ఒక అంచు కొట్టి, కడిగి, తొట్టెలో పెట్టేశాను.

మర్నాడు ఉదయం మా ఆవిడ తొట్టె ముందు నిలబడి, "ఏటండీ, ఇలా పక్కకి ఒరిగిపోనాయి" అంది. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మూడు చేపలు పైన తేలుతున్నాయి. నాలుగోది మూలన నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. దాన్ని గబగబా మంచినీళ్ల బక్కెట్లోకి మార్చాను. తర్వాత ఆ స్లాగ్ మీద వెనిగర్ వేశాను. బుసబుసా పొంగింది. కొలిమిలో సున్నం వేయించేది మా సెక్షనే. ప్రతి షిఫ్టుకీ ఎంత సున్నం పడిందో రాసి సంతకం పెట్టినవాణ్ణి. ఆ సున్నమంతా తెట్టులోకే పోతుందని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పినవాణ్ణి.

"గుండె జబ్బు మనిషి, అలాటివే మరో మూడు కొని పడీయండి" అని మా ఆవిడ బతిమాలింది. నాకు మనసొప్పలేదు. బావ రాగానే అంతా చెప్పాను. ఆయన బక్కెట్టు మీదికి వంగి మిగిలిన చేపను చూసి, "ముప్పై ఏళ్లు సున్నం నెక్కలు రాసినావు. నీకు తెల్దేటి బావా?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"తెలిసిన రాయే కదా అని చూడలేదు" అన్నాను.

తొట్టె మాకే వదిలేశాడు. చేప ఉన్న డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుని, "నానే సూసుకుంటాను" అని నా వైపు చూడకుండా అన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ మనిషికి తెలిసినవి పెరుగుతూ పోతాయి. వాటిని చూడడం ఏ రోజున మానేస్తాడో మాత్రం ఆ రోజున అతనికి తెలియదు.