పడవను లాగుతుందన్న మూత

జీపు వెనక చక్రాల మధ్య ఇరుసు మీద తాటికాయంత ఇనుప గుండు ఒకటి ఉంటుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్ళచక్రాలు దాని కడుపులో ఉంటాయి. వెనకవైపు పది బోల్టులతో బిగించిన రేకుమూతే డిఫరెన్షియల్ కవరు. ఇది తెలియకపోతే మీకొచ్చిన లోటేమీ లేదు. నాకు తెలియడం వల్లే ఇదంతా జరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా దగ్గర ఒక పాత జీపు ఉండేది. ఉద్దానం తోటల నుంచి పలాసకు జీడిపిక్కల బస్తాలు తోలేవాణ్ణి. ఒకరోజు జలంత్రకోట దారిలో రాయి తగిలి ఆ మూత సొట్టపోయింది. ఆయిలు కారి, నేను ఏయే ఊళ్ళు తిరిగానో రోడ్డు మీద రాసిపెట్టేది.

టెక్కలిలో ఒక పెద్దమేస్త్రి ఉండేవాడు. ఆదివారం చర్చికి వెళితే ఎంతటివాడి బండైనా ముట్టుకునేవాడు కాదు. కాబట్టి సోమవారం వెళ్ళాను. ఆయన మూత విప్పి, చక్రాలను తిప్పే లోపలి రాడ్లు కూడా లాగి చూసి, ఒకదాన్ని వెలుతురుకు పట్టాడు.

"బావూ, ఈ రాడ్డు మీద ఎంట్రుకంత గీత ఉన్నాది. సూడు. ముందు ఇది మార్చు. మూతకి మామూలు రేకుది సాలు."

నా కళ్ళు అప్పటికే బల్ల మీదున్న మరో మూత మీద పడ్డాయి. అది కంపెనీది కాదు, బయట పోతపోసిన దుక్కఇనుము మూత. అడ్డంగా నాలుగు దిట్టమైన పక్కటెముకలు, పైన ఎర్రరంగు.

"మేస్త్రీ, ఇది బిగిస్తే ఇరుసు గట్టిపడదా?"

"గుండు గట్టిపడతాది. రాళ్ళకి సొట్టపోదు. గానీ లాగేది రాడ్డు బావూ, మూత కాదు. తలపాగా సుట్టుకుంటే మోకాళ్ళ నొప్పి పోతాదా?"

రెండూ ఒకేసారి కొనే తాహతు లేదు. ఏది కావాలో ఆలోచించాను, దాన్ని ఆలోచన అనగలిగితే. రాడ్డు ఎవరికీ కనిపించదు. మూతైతే నా వెనక వచ్చే లోకమంతటికీ కనిపిస్తుంది. ఎర్రమూత బిగించమన్నాను. మేస్త్రి బిగించి, గీతపడిన రాడ్డును మళ్ళీ లోపలికి తోశాడు. దేవుడికి అప్పగించినట్టు తోశాడని ఇప్పుడనిపిస్తుంది.

పలాస టీకొట్టు చేరేసరికి నా నోట ఆ మూత మిలటరీ జీపుదైపోయింది. రెండో టీ అయ్యేలోగా మంచుకొండల్లో ఫిరంగిని లాగింది. అక్కడే తగిలాడు నా చిన్ననాటి స్నేహితుడు. తీరంలో చేపలవేట వాడి బతుకు. ఇరవై ఏళ్ళు ఒకరి పడవల్లో కూలికి వెళ్ళి, ఆ ఏడే సొంతంగా ఫైబరు పడవ కొన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళం.

"బావా, నా పడవని గట్టుకి లాగుతాదేటి నీ జీపు?" అన్నాడు వంగి మూతను తడుముతూ.

"పడవేంట్రా బావా, మహేంద్రగిరికి తాడు కట్టు, ఇచ్ఛాపురం దాకా లాక్కుపోయి వదుల్తాను."

నవ్వుతాడనుకున్నాను. నమ్మాడు.

పది రోజులకు రేడియోలో తుఫాను హెచ్చరిక వచ్చింది. పొద్దున్నే కబురు పంపాడు, జీపు తెమ్మని. నేను పదకొండుకు బయలుదేరి, టీకొట్టు దగ్గర మూత తుడిచి, దారిలో సుమ్మాదేవి ఊళ్ళో ఎవరో అడిగితే వంగి చూపించి, వాళ్ళు అడగని ఫిరంగి కథ కూడా చెప్పి, మూడింటికి తీరం చేరాను.

మిగతా పడవలన్నీ సరుగుడు తోపు దగ్గర తాళ్ళతో కట్టి ఉన్నాయి. వాడిదొక్కటే కింద ఉంది. అల వచ్చిన ప్రతిసారీ దాని వెనక భాగం లేస్తోంది. పొద్దున ఊరివాళ్ళు ఒక్కొక్క పడవే పైకి చేరుస్తూ వాడి దగ్గరికీ వచ్చారట. "నాకొద్దు, మా బావ జీపు వస్తాది" అని పంపేశాడట. వాళ్ళిప్పుడు ఇళ్ళ కప్పులకు తాళ్ళు బిగించుకుంటున్నారు.

తాడు కట్టాం. నేను గేరు వేసి, మిలటరీ వాడిలా ముఖం పెట్టి, క్లచ్ వదిలాను. పడవ మూరెడు కదిలింది. వెనక నుంచి కొబ్బరికాయ కొట్టినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఇంజను ఎంత అరిచినా జీపు కదల్లేదు.

"ఏటైంది బావా?"

"రాడ్డు విరిగింది."

"మూతో?"

"మూత బాగానే ఉంది."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒకసారి పడవను చూసి, ఊళ్ళోకి పరుగెత్తాడు.

కప్పుల మీద నుంచి దిగి ఇరవై మంది వచ్చారు. పడవ కింద దుంగలు వేసి, భుజాలు ఆనించి పాట ఎత్తుకున్నారు. నేనూ తాడు పట్టాను. పడవ తోపు చేరేసరికి అల నా జీపు చక్రాల్ని తడుపుతోంది. వాళ్ళు అదే తాడు, అవే దుంగలు తెచ్చి, అదే పాటతో జీపునూ గట్టెక్కించారు.

వాళ్ళ పెద్దాయన చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వల లాగేటప్పుడు తాడు ముట్టుకున్న ప్రతివాడికీ చేపల్లో పాలు, అంటే వాటా, ఇవ్వడం అక్కడి కట్టుబాటు.

"తాడు పట్టినోలకి పాలుంటాది బావూ. ఈరోజు వల్లో ఏటి పడ్డాది? జీపు పడ్డాది. ఏటిత్తావు?"

జీపులో ఏమీ లేదు. ఆయన జీపు వెనక్కి వెళ్ళి వంగి, ఎర్రమూతను వేళ్ళతో తట్టి చూశాడు.

"దీనికేటీ కాలేదు గదా. లంగరుకి బాగుంటాది. ఈ పడవకే ఇచ్చీ."

గాలివాన వచ్చి వెళ్ళింది. పడవ నిలిచింది. మూడోనాడు మేస్త్రి బస్సు దిగి వచ్చాడు, చంకలో కొత్త రాడ్డుతో. రాడ్డుతో పాటు పేపర్లో చుట్టిన మామూలు రేకుమూత కూడా ఉంది. నేను రాడ్డుకే కబురు పెట్టాను, మూత సంగతి చెప్పలేదు.

"ఎలా తెలిసింది మేస్త్రీ?"

"తెలీడానికేటున్నాది బావూ," అని జీపు కిందికి దూరాడు.

ఆ ఎర్రమూత చాలా ఏళ్ళు వాడి పడవకు లంగరుగా ఉంది. బోల్టుల కన్నాల్లోంచి తాడు దూర్చి కట్టేవాడు. టీకొట్టులో నేను దాన్ని తుఫానును ఆపిన మూతగా చెప్పుకున్నాను. వాడు మాత్రం కనిపించినప్పుడల్లా ఒకే మాట అనేవాడు.

"నీ మూత బాగా పనిసేత్తంది బావా. సముద్రంలో ఒగ్గీసినామంటే ఇంక కదల్దు. నీ జీపు లాగే."